జీపులో ఎర్రదుమ్ము

నాకు దుమ్మంటే పడదు. మనుషుల మీద నమ్మకమూ అంతంత మాత్రమే. ఈ రెండు గుణాలూ ఒక్కడిలోనే చేరితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. తలుపుకు తాళం వేసి మూడుసార్లు గుంజి చూసి, వాడకట్టు మలుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి నాలుగోసారి గుంజే మనిషిని జగిత్యాల మొత్తంలో నన్నొక్కడినే చూశానని మా ఇంటామె ఇప్పటికీ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఆ గుణం తాళాల దగ్గరే ఆగిపోయి ఉంటే ఇంకా బాగా నవ్వేవాణ్ని.

అప్పుడు నాకు ముప్పై దాటాయి. చెరువు కట్టలు, తూములు, నిండితే నీళ్ళు పొర్లే మత్తళ్ళు కొలిచి, ఎక్కడ కుంగింది, ఎక్కడ తెగింది అని రాసుకొచ్చే ఉద్యోగం. ఆఫీసు జగిత్యాలలో. ఒక వారం సారంగాపూర్ దిక్కు, ఒక వారం కోరుట్ల దిక్కు, ఇంకో వారం రుద్రంగి గుట్టలు దాటి సిరిసిల్ల దాకా తిరగాలి. తారు రోడ్డు బస్సు పోయినంత మేరే ఉండేది. ఆ తర్వాత అంతా ఎర్రకంకర మొరం బాట, బండ్ల బాట, వాగులో ఇసుక. నేను తెల్ల చొక్కాలు తప్ప వేసేవాణ్ని కాదు. దుమ్ము ముక్కుకు తగిలిందంటే పది పన్నెండు తుమ్ములు తుమ్మందే ఊపిరి ఆడేది కాదు. కొలతలు రాసుకునే పుస్తకం మీద దుమ్ము పడితే అది నా మొహం మీద పడ్డంత కోపం వచ్చేది.

అన్నలు, అంటే నక్సలైట్లు, తిరిగే రోజులవి. ఊళ్ళలోకి వాళ్ళు వచ్చి ఎవరెవరు వచ్చారని అడిగిపోతే, వాళ్ళు పోయాక పోలీసులు వచ్చి వాళ్ళేం అడిగారని అడిగేవాళ్ళు. ఎవరూ ఎవరితోనూ పూర్తి మాట మాట్లాడేవాళ్ళు కాదు. చెరువు ఎప్పుడు నిండిందని అడిగినా రైతు ముందు నా బూట్ల వంక చూసి, తర్వాత జీపు వంక చూసి, ఆ తర్వాత నోరు తెరిచేవాడు. ఇక ఆ కాలంలో దుమ్ముకు నోరుండేది. జీపు కంటికి కనబడక ముందే దుమ్ము లేచి చెప్పేసేది, ఏదో బండి వస్తోందని. చెక్‌పోస్టు దగ్గర ఆపిన పోలీసాయన బానెట్ మీద వేలు రాసి, ఆ వేలును ఎండకు పెట్టి చూసి, ఎర్రమట్టి ఎక్కడిది, గుట్టల దిక్కు ఏం పని పడిందని అడిగేవాడు. సరే, గొడవెందుకని జీపు కడిగి పోతే, ఇంత పొద్దున్నే ఎందుకు కడిగారని అడిగేవాడు. ఎటు పోయినా జవాబు చెప్పుకోవాల్సిందే.

మా జీపు పాతది. మిలిటరీ వాళ్ళు వాడి వదిలేస్తే చేతులు మారి మా ఆఫీసుకు చేరింది. నాలుగు చక్రాలకూ పట్టు వచ్చే రకం. మామూలు గేరు కడ్డీ పక్కన ఇంకో పొట్టి కడ్డీ ఉండేది. దాన్ని వేస్తే వాగు ఇసుకలోంచైనా, చెరువు లోపలి బురదలోంచైనా మూలుగుతూనే ఎక్కి వచ్చేది. ఎక్కి రావడంలో దానికి వంక పెట్టలేం. కానీ దుమ్ము దగ్గర మాత్రం అది జల్లెడ. పైన గుడ్డ టాపు, పక్కలకూ వెనకకూ గుడ్డ పరదాలు. రెండు కడ్డీల చుట్టూ ఉండాల్సిన తోలు చినిగిపోయింది. కాళ్ళ కింది రేకుకు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. టాపుకూ బాడీకీ మధ్య వేలు దూరేంత సందు. ముందు అద్దం కింద గాలి రావడానికి జానెడు మూత ఒకటి. మైళ్ళు లెక్కపెట్టే మీటరు నేను ఉద్యోగంలో చేరక ముందే చచ్చిపోయింది.

దాని డ్రైవరు నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. సిరిసిల్లలో మగ్గం నేసిన ఇంట్లో పుట్టాడు. మగ్గాలు పోయి కరెంటు సాంచాలు వచ్చాక ఆ మోత తన చెవులకు సరిపడక డ్రైవింగు నేర్చుకున్నాడట. దుబాయికి పోయి ఆరేళ్ళు ఇసుక మైదానాల్లో ఇలాంటి బండ్లే నడిపి వచ్చాడు. ఇక మళ్ళీ పోనని అక్కడే ఒట్టు పెట్టుకున్నానని చెప్పేవాడు. అతను వెళ్ళేటప్పుడు చంకలో ఉన్న బిడ్డ, తిరిగొచ్చేసరికి బడికి పోతోంది. అతన్ని చూసి అమ్మ కొంగు వెనక దాక్కుందట. ఆ ముచ్చట చెప్పినప్పుడు మాత్రం అతను రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పేవాడు కాదు. మా ఆఫీసులో అతనిది ఇంకా తాత్కాలికపు కొలువే. పర్మినెంట్ చేయాలంటే, అతని నడవడి మంచిదని అతనితో తిరిగే అధికారి రాసివ్వాలి. ఆ అధికారిని నేనే. నా ఒక్క కాగితం మీద అతను ఈ ఊళ్ళో ఉండడమో, మళ్ళీ విమానం ఎక్కడమో ఆధారపడి ఉందని ఇద్దరికీ తెలుసు. అతను ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉండేది.

దుమ్ము సంగతి మొదట్లోనే అతను చెప్పాడు. నేను ముందు మూత బిగించి, పరదాల పట్టీలన్నీ కట్టి, ఆ ఉక్కలో చెమటలు కక్కుకుంటూ కూర్చుని ఉంటే, బండి నడుపుతూనే మెల్లగా అన్నాడు.

"ముందటి మూత తీసి పెట్టుర్రి సార్. ముందటికెల్లి గాలి లోపటికి కొడితె, లోపటి గాలి సందులకెల్లి బయటికి పోతది, దుమ్మును రానియ్యది. అంత మూస్తె కిందికెల్లి, ఎన్కకెల్లి గుంజుకుంటది. దుబాయిల మేం గట్లనే నడిపినం."

దుమ్ము రావద్దంటే మూత తెరవమంటాడేమిటి ఈ మనిషి అనుకున్నాను. నేను చదువుకున్నవాణ్ని, నీళ్ళు ఎటు పారతాయో చెప్పే ఉద్యోగం చేసేవాణ్ని. గాలి కూడా నీళ్ళలాంటిదేనని నాకు తట్టలేదు. తట్టినా ఒక డ్రైవరు చెబితే వినేవాణ్ని కాదేమో. నీ పని నువ్వు చూసుకో అన్నాను. చూసుకున్నాడు.

నా ఉపాయం నేను చేశాను. సిరిసిల్ల పోయినప్పుడు ఒక సాంచాల కార్ఖానాలో వేస్టు దారం సంచీ నిండా అడిగి తెచ్చుకున్నాను. నేత దగ్గర తెగి, చిక్కుపడి, పనికిరాదని మూలకు ఊడ్చేసే దారం అది. దాన్ని ఉండలు చేసి, స్క్రూడ్రైవరుతో పొడిచి పొడిచి జీపు సందులన్నిట్లో కుక్కించాను. కడ్డీల చుట్టూ, రేకు చిల్లుల్లో, ముందు అద్దం కింద కాగితాలు పెట్టుకునే డబ్బా వెనకాల, టాపుకూ బాడీకీ మధ్య ఉన్న సందు పొడవునా. డ్రైవరు ఒక ఉండను వేళ్ళతో విప్పి చూసి మళ్ళీ చుట్టి నా చేతికిచ్చాడు.

"గిది దుమ్మును ఆపది సార్, దాసుకుంటది" అన్నాడు. "సాంచాల కాడ గిదే కద. జర కదిలిస్తె ఎన్నడో పట్టిన దుమ్ము ఇప్పుడు లేస్తది."

ఈ మనిషికి నేను చేసే ఏ పనీ నచ్చదని కోపం వచ్చింది. నిజానికి మొదటి నెల అది బాగానే పనిచేసింది. రుద్రంగి గుట్టల ఎర్రమొరం మీద నాలుగు రోజులు తిరిగి వచ్చినా నా చొక్కా తెల్లగానే ఉంది. ఆ రోజు నేను అతని ముందు భుజాల మీద వేళ్ళతో తట్టి చూపించాను. అతను చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు వారం రోజులు గుర్తుంది.

ఇంకో అలవాటు ఉండేది అతనికి. గుట్టల దిక్కు కొన్ని ఊళ్ళ పొలిమేర రాగానే జీపు ఆపి, దిగి, వెనక పరదా పైకి చుట్టి పట్టీ కట్టేవాడు. ఊరు దాటి ఒక మైలు పోయాక మళ్ళీ ఆపి దించేవాడు. అంతసేపూ వెనక నుంచి లేచిన దుమ్మంతా లోపలికి వచ్చి నా మెడ మీద కూర్చునేది. ఎందుకు ఎత్తుతున్నావని అడిగితే, గాలాడుతది సార్ అనేవాడు. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పేవాడు కాదు. మిగతా ఊళ్ళలో ఆడని గాలి ఆ నాలుగు ఊళ్ళలోనే ఎందుకు ఆడాలి? నేను ఆ ఊళ్ళ పేర్లు పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. అన్నీ గుట్టల కింది ఊళ్ళే. పరదా ఎత్తడం ఎవరికో సైగ అని నాకు నేనే చెప్పుకున్నాను. జీపులో ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో ఎవరికో చూపిస్తున్నాడు. ఒకసారి అలా అనుకున్నాక అతను దగ్గినా నాకు సైగలాగే వినబడేది.

ఆ ఎండాకాలంలో మాకు కోరుట్ల కింది రేగడి ఊళ్ళలో పని పడింది. పది రోజులు నల్లమట్టి తప్ప వేరే మట్టి తొక్కలేదు. ఆదివారం నాడు నేనే తడిగుడ్డ పెట్టి జీపు లోపలంతా తుడిచాను. మంగళవారం పొద్దున ఎక్కి కూర్చుంటే నా సీటు మీద, కాళ్ళ కింద, పుస్తకం పెట్టుకునే చోట సన్నటి ఎర్రదుమ్ము. వేలితో తీసి చూశాను. నల్లది కాదు, ఎర్రదే. గుట్టల మొరం దుమ్మే. మేము గుట్టల మొహం చూసి పది రోజులు దాటింది.

నాకు భయం వేసింది, దాని వెంటే ఒకలాంటి సంతోషం కూడా. నేను అనుకున్నదే నిజమైందన్న సంతోషం. నా జీపు నాకు తెలియకుండా గుట్టలకు పోయి వస్తోంది. ఎవరి కోసం? అది వేరే చెప్పాలా? రేపు ఎవరైనా ఆ జీపును గుర్తుపడితే పోలీసులు ముందు పట్టుకునేది నన్నే.

అతన్ని అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడని. సాయంత్రం జీపు షెడ్డులో పెట్టే ముందు మర్చిపోయిన కాగితాలేవో తీసుకునే నెపంతో లోపలికి పోయి, కాళ్ళ కింద పాత పేపరు పరిచాను. వెనక పరదా పట్టీకి ఒక తెల్లదారం కట్టి ముడి వేశాను. తెరిస్తే తెగాలి. డీజిల్ ట్యాంకులో పుల్ల ముంచి గీత పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున అతను ఎప్పటిలాగే షెడ్డు నుంచి జీపు తీసి, మా వాడ గుంతల్లోంచి ఎగరేసుకుంటూ ఇంటి ముందుకు తెచ్చాడు. చూస్తే పట్టీకి దారం ఉంది. ముడి ఉంది. డీజిల్ నా గీత దగ్గరే ఉంది. పేపరు మీద మాత్రం ఎర్రదుమ్ము.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగి ఆలోచిస్తాడు. దారం తెగలేదు, డీజిల్ తగ్గలేదు, అంటే బండి ఎక్కడికీ పోలేదని. నేను అలా ఆలోచించలేదు. ముడి దగ్గర నా అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది. ఇతను నేత ఇంట్లో పుట్టినవాడు. నడుస్తున్న మగ్గం మీద తెగిన పోగును కంటికి కనబడకుండా అతికే వేళ్ళు అవి. నేను వేసిన ముడిని విప్పి మళ్ళీ అలాగే వేయడం అతనికి ఒక లెక్కా? ఇక డీజిల్ తగ్గలేదంటే ఎవరో పోసి పంపుతున్నారన్న మాట. అంటే ఇది ఒక్కడి పని కాదు. ఇలా ప్రతి సాక్ష్యమూ వచ్చి నా వైపే నిలబడింది. అతను తప్పు చేయలేదని చెప్పడానికి వచ్చినవాటిని కూడా నేనే పట్టుకుని అతని మీదికి తిప్పాను.

ఆ వారమే అతని పర్మినెంట్ సంగతి అడుగుతూ పై నుంచి కాగితం వచ్చింది. నడవడి గురించి రాసి పంపమన్నారు. నేను మూడు వాక్యాలు రాశాను. పనిలో చురుకైనవాడు. అయితే ఆఫీసు జీపును అనుమతి లేకుండా గుట్టల వైపు గ్రామాలకు వాడుతున్నట్టు ఆనవాళ్ళు ఉన్నాయి. విచారించవలసి ఉంది. 'గుట్టల వైపు' అన్న మాట రాసేటప్పుడు కలం ఒక్క క్షణం ఆగింది. ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలియదని అంటే అబద్ధం. తెలిసే రాశాను. నా మెడ మీదికి రాకముందే అతని మెడ మీదికి పోవాలని రాశాను.

నాలుగో రోజు పొద్దున పది గంటలకు ఆఫీసు ఎదురుగా చాయ్ హోటల్లో అతను చాయ్ తాగుతుంటే నలుగురు వచ్చారు. మామూలు బట్టల్లో ఉన్నారు. నేను నా గది కిటికీలోంచి చూశాను. అతను గ్లాసు కింద పెట్టి, భుజం మీది రుమాలు సర్దుకుని, ఒకసారి జీపు వంక చూసి, వాళ్ళ బండి ఎక్కాడు. దాని పరదాలు అన్ని వైపులా దించి ఉన్నాయి.

మూడు రోజుల తర్వాత అతని భార్య మా ఇంటికి వచ్చింది. బీడీలు చుట్టే చేట ఇంట్లో అలాగే వదిలేసి వచ్చినట్టుంది, వేళ్ళకు తునికాకు మరక ఉంది. గడప అవతలే నిలబడింది. ఏ ఠాణాలో ఉంచారో కూడా ఆమెకు చెప్పలేదట. అక్కడ ఇక్కడ అడిగితే, వాళ్ళ సారు ఒక్క మాట చెబితే వదిలేస్తారని ఎవరో అన్నారట. "మీ గురించి ఇంట్ల మంచిగ చెప్తడు సారు" అంది. నేను చూస్తానని చెప్పి పంపాను. ఆమె పోయాక, ఈమెను నా దగ్గరికి ఎవరు పంపారా అని ఆలోచించాను. సిగ్గులేని మనసు అది, అప్పుడు కూడా అదే పనిలో ఉంది.

డ్రైవరు లేడు గనక జీపు నేనే తోలాల్సి వచ్చింది. రుద్రంగి దిక్కు ఒక ఊరి చెరువు తూము చూడాలి. అన్ని పరదాలూ బిగించి, మూత బిగించి, ఒక్కణ్నే పోయాను. పొలిమేర దాటానో లేదో, ఎదురుగా వస్తున్న ఇద్దరు మొగవాళ్ళు బాట దిగి జొన్న చేలోకి పోయారు. వాడలోకి పోతే ఒక్కొక్క తలుపే మూసుకుంది. చెరువు కట్ట దాకా పోయి జీపు దిగితే, కట్ట మీద కూర్చున్న ముసలాయన ఒక్కడే లేవకుండా నా వంక చూశాడు. నన్ను గుర్తుపట్టి, మీరేనా సారు అని గట్టిగా ఊపిరి వదిలాడు.

"అంత మూసుకొని వస్తె పోలీసోళ్లనుకుంటిమి" అన్నాడు. "గా డ్రైవరు లేడా? ఆయనైతె పొలిమేరకు రాంగనే ఎన్క పరదా ఎత్తుతుండె. లోపట ఎవలున్నరో కనవడ్తె మాకు గుబులుండకపోవు. మీకు గూడ మంచిదే కద సారూ, చెట్ల చాటునుంచి ఎవలన్న చూసిన గాని."

మూసిన జీపు అంటే పోలీసుల జీపు. అలాంటి జీపు వెళ్ళే బాట కింద అన్నలు మందుపాతరలు పెట్టేవాళ్ళని ఆ రోజుల్లో అందరికీ తెలుసు. అతను పరదా ఎత్తింది నన్ను కాపాడడానికి. ఆ మాట నాతో పైకి అంటే, నీకెలా తెలుసు, ఎవరు చెప్పారని నేను అడిగేవాణ్ని. తప్పకుండా అడిగేవాణ్ని. అందుకే గాలాడుతుందని చెప్పాడు. తూము కొలవడం మర్చిపోయి, వెనక పరదా పైకి చుట్టి కట్టి, దుమ్ము తింటూ వెనక్కి వచ్చాను.

వచ్చేటప్పుడు గుంతలో పడి కాళ్ళ కింది రేకు ఊడింది. కోరుట్లలో ఒక మెకానిక్ దగ్గర ఆపాను. అతను రేకు అతకాలంటే ముందు ఈ చెత్తంతా తీయాలని, స్క్రూడ్రైవరు పెట్టి నా వేస్టు దారం ఉండలను ఒక్కొక్కటే పీకాడు. టాపు సందులోది లాగుతుంటే బుస్సున ఎర్రదుమ్ము రాలింది. డబ్బా వెనకది లాగితే ఇంకా రాలింది. కింద పడ్డ ఉండను చెప్పుతో తొక్కితే చుట్టూ పొగలాగా లేచింది. గింత మట్టి ఎందుకు దాచిపెట్టిండ్రు సార్ అని అతను నవ్వాడు. ఆ ఉండలు గుట్టల మీద తాగిన దుమ్మును నెల రోజులు కడుపులో పెట్టుకుని, నిండినాక గుంత గుంతకూ కొంచెం కొంచెం వదిలాయి. మా వాడ గుంతల్లో ఎగిరినప్పుడు పేపరు మీద పడింది అదే. నేను మెకానిక్ షెడ్డు ముందు నేల మీద కూర్చుండిపోయాను.

మర్నాడు సారంగాపూర్ బాటలో, వెనక పరదా గట్టిగా బిగించి, ముందు మూత మొత్తం తెరిచి తోలాను. మొహానికి వేడిగాలి కొట్టింది గానీ దుమ్ము లోపల నిలవలేదు. పన్నెండు మైళ్ళు పోయి ఆపి చూసుకున్నాను. చొక్కా తెల్లగా ఉంది. అంత తెల్లటి చొక్కా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఆ రోజే ఇంకో కాగితం రాశాను. నా అనుమానం తప్పని, దుమ్ము నేను కుక్కించిన వేస్టు దారంలోదని వివరంగా రాసి పై అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, నా వంక జాలిగా చూశాడు. మొదటి కాగితం తన చేతులు దాటిపోయిందన్నాడు. ఇది కూడా పంపితే, అప్పుడు ఎందుకు అలా రాశావు, ఇప్పుడు నీతో ఎవరు ఇలా రాయిస్తున్నారు అని నన్ను పిలుస్తారన్నాడు. పంపమంటే పంపుతాను, ఆలోచించుకో అన్నాడు. నాకు చిన్న పిల్లలున్నారు. నేను ఆలోచించుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను. నేను చేసిన తప్పుల్లో మొదటిదాన్ని అజ్ఞానం అనుకుని సర్దుకోగలను. ఈ రెండోదానికి నా దగ్గర ఏ పేరూ లేదు.

పదకొండు రోజులకు అతన్ని వదిలారు. ఏమీ దొరకలేదట. దొరకడానికి ఏముంది? కొలువు మాత్రం అప్పటికే పోయింది. ఇంకో వారానికి ఆఫీసుకు వచ్చాడు. నా గది ఎత్తయిన పునాది మీద, బయటి నుంచి ఎక్కే ఆరు మెట్ల ఎత్తున ఉండేది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగి ఆగి వినబడుతుంటే ఎవరో ముసలివాళ్ళు అనుకున్నాను. తలుపు దగ్గర అతను. అరికాళ్ళు పూర్తిగా ఆనకుండా, మడమ ఒకటి ఎత్తి, చౌకట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ కాలు, క్లచ్చి తొక్కే కాలు, బాగా వాచి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టమన్నాడు.

పర్మినెంట్ మాట ఎత్తలేదు. దుబాయికి మళ్ళీ పోతున్నాడట. ఇక్కడ ఇన్నేళ్ళు జీపు నడిపాడని రాసిచ్చిన కాగితం ఉంటే అక్కడ పనికొస్తుందన్నాడు. పోనని పెట్టుకున్న ఒట్టు నాకు గుర్తొచ్చింది. అతని బిడ్డ గుర్తొచ్చింది. నేను తెల్లకాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. చాలా నేర్పరి అని రాశాను, నమ్మకస్తుడు అని రాశాను. ఆ రెండో మాట దగ్గర అక్షరాలు వంకర పోయాయి. సంతకం పెట్టి, ముద్ర వేసి, చేతికిచ్చాను. అతను చదువుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పోతాడనుకున్నాను. పోలేదు.

"మీ కాగితం వాళ్లు నాకు సదివి ఇనిపిచ్చిండ్రు సార్" అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "నా మీద ఏం కనవడ్డది మీకు?"

చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటే ఉంది. ఎంత వెతికినా ఇంకోటి దొరకలేదు.

"దుమ్ము" అన్నాను.

అతను కిటికీలోంచి కింద నిలబెట్టిన జీపును చూశాడు. దాని ముందు మూత తెరిచే ఉంది. అది అతని కంట్లో పడిందని నాకు తెలిసింది.

"ముందటి మూత తీసి పెట్టుర్రి అని మొదలే చెప్తి కద సార్" అన్నాడు.

అంతే. చౌకట్టు వదిలి, గోడ పట్టుకుని, పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టే దిగడం మొదలుపెట్టాడు. రెండు కాళ్ళూ ఒక మెట్టు మీదికి వచ్చాక, ఊపిరి తీసుకుని తర్వాతి మెట్టుకు పోయేవాడు. మెట్లు ఆరే. ఆరో మెట్టు దిగేదాకా నేను పైనే నిలబడి చూశాను. చెయ్యి పట్టుకుందామని కిందికి దిగలేదు.